ఇంటర్ తరవాత అమెరికాలోని గట్టి పోటీ ఉన్న విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు: మీ అవకాశం ఎంతో ముందే లెక్కగట్టుకోవడం ఎలా

అమెరికా చదువు అంటే మన ఇళ్లలో ఇప్పటికీ బీటెక్ తరవాత చేసే ఎంఎస్ అనే అర్థం. అంకెలూ ఆ మాటే చెబుతాయి. 2023–24 విద్యా సంవత్సరంలో అక్కడున్న 3,31,602 మంది భారతీయ విద్యార్థుల్లో 1,96,567 మంది పీజీ, పరిశోధన స్థాయివారు కాగా, బ్యాచిలర్ డిగ్రీ స్థాయిలో ఉన్నవారు 36,053 మంది మాత్రమే. అందువల్ల ఇంటర్ కాగానే హార్వర్డ్‌కో ఎంఐటీకో స్టాన్‌ఫర్డ్‌కో దరఖాస్తు చేయాలనుకునే పిల్లలకు సలహా చెప్పడానికి ఇంట్లో అన్నయ్యలు, పిన్ని కూతుళ్లు ఎందరున్నా, వాళ్లు వెళ్లిన దారి వేరు. ఎంఎస్ సీటు ఇచ్చేది ఒక విభాగం, దానికి కావలసిన డబ్బు చాలావరకు బ్యాంకు రుణంతో సమకూరుతుంది. బ్యాచిలర్ డిగ్రీ దరఖాస్తులో మీ నాలుగేళ్ల మార్కులు, మీరు చదివిన బడి, మీ సాయంత్రాలు, మీ కుటుంబ ఆదాయం అన్నీ ఒకే ఫైలులో చేరతాయి. వీటిలో చివరిది చాలాచోట్ల సీటును నిర్ణయించే స్థాయిలో పనిచేస్తుందన్న సంగతి ఎక్కువ కుటుంబాలకు ఫలితాలు వచ్చాక గానీ తెలియదు. ఏటా తెలిసినవారి పిల్లల దరఖాస్తులు చదివి పెట్టే వ్యక్తిగా నన్ను బాధపెట్టేది అదే. సీటు రాకపోవడంలో వింత లేదు, కానీ ఎందుకు రాలేదో పిల్లలకు చెప్పేవారు లేకపోవడం అన్యాయం.

మీరు ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా ఇది చదువుతుంటే తగినంత సమయం ఉంది. రెండో సంవత్సరం ఆగస్టులో చదువుతుంటే, రెండో అంచెలో చెప్పిన డబ్బు సంగతి ముందు తేల్చుకొని తరవాత వెనక్కి రండి.

మొదటి అంచె: ప్రకటించిన శాతాన్ని వదిలి, మీ శాతాన్ని వెతకండి

2024లో హార్వర్డ్‌కు 54,008 మంది దరఖాస్తు చేస్తే 1,937 మందికి ప్రవేశం దొరికింది. అదే ఏడాది యేల్‌కు 57,465 దరఖాస్తులు వస్తే 2,146 మంది ఎంపికయ్యారు. ఇవి నూటికి మూడున్నర, మూడు ముప్పావు అని పత్రికల్లో వస్తాయి. ఆ శాతంలో అమెరికా పౌరులు, క్రీడా జట్ల కోసం ముందే ఎంపికైనవారు, కొన్నిచోట్ల పూర్వ విద్యార్థుల పిల్లలు అందరూ కలిసి ఉంటారు. వాళ్లను పక్కకు తీస్తే విదేశీ విద్యార్థికి మిగిలేది అంతకన్నా తక్కువ. ఎంఐటీ ఈ రెండు అంకెలనూ విడివిడిగా తన వెబ్‌సైట్‌లోనే చూపిస్తుంది: ఇటీవలి సంవత్సరాల్లో మొత్తం మీద ప్రవేశం నూటికి నాలుగు, అయిదు మధ్య ఉండగా విదేశీ దరఖాస్తుదారులకు అది రెండు దగ్గర ఉంటోంది. అక్కడి అండర్‌గ్రాడ్యుయేట్లలో విదేశీయులు దాదాపు పదో వంతు మాత్రమే. ఆ పదో వంతు కోసం ప్రపంచమంతా పోటీ పడుతుంది కనుక లెక్క అలా తేలుతుంది.

మిగిలిన విశ్వవిద్యాలయాల సంగతి తెలుసుకోవడానికి ‘కామన్ డేటా సెట్’ అనే పత్రం ఉంది. చాలా విద్యాసంస్థలు దీన్ని ఏటా ఒకే నమూనాలో ప్రచురిస్తాయి. విశ్వవిద్యాలయం పేరు పక్కన ఈ మూడు మాటలు పెట్టి వెతికితే దొరుకుతుంది. పత్రం పొడవు చూసి కంగారు పడనక్కర లేదు, మీకు కావలసినవి నాలుగు చోట్లే. బీ2 పట్టికలో విదేశీ విద్యార్థుల సంఖ్య ఉంటుంది. సీ1లో దరఖాస్తుల, ప్రవేశాల సంఖ్యలు ఉంటాయి, ఇటీవలి సంచికల్లో విదేశీయులను విడిగా చూపించేవారూ ఉన్నారు. సీ7లో మార్కులు, వ్యాసం, సిఫారసు లేఖలు, పరీక్ష స్కోరు వంటి వాటిలో దేనికి ఎంత ప్రాధాన్యం ఇస్తారో గడుల్లో గుర్తు పెట్టి ఉంటుంది. అన్నిటికన్నా విలువైనది హెచ్6: విదేశీ విద్యార్థుల్లో ఎందరికి ఆర్థిక సహాయం అందింది, సగటున ఎంత అందింది అన్న లెక్క అక్కడ ఉంటుంది. ఒక కళాశాలలో 200 మంది విదేశీ విద్యార్థులు ఉన్నారనీ, హెచ్6లో సహాయం పొందినవారు 40 మంది అనీ అనుకుందాం. నాలుగు తరగతులకు కలిపి 40 అంటే ఏడాదికి పదిమంది. సహాయం అవసరమైన విద్యార్థి పోటీ పడేది ఆ పది సీట్ల కోసమే గానీ కళాశాల మొదటి పేజీలో కనిపించే పెద్ద సంఖ్య కోసం కాదు. ఈ పట్టికను చూడని కుటుంబం దరఖాస్తు రుసుము కట్టకూడదని నా గట్టి అభిప్రాయం.

ప్రభుత్వ విశ్వవిద్యాలయాల లెక్క ఇంకో రకం. అవి ముందుగా తమ రాష్ట్రం పిల్లల కోసం ఉన్నవి. నార్త్ కరోలైనా విశ్వవిద్యాలయపు చాపెల్ హిల్ ప్రాంగణంలో మొదటి సంవత్సరం తరగతిలో బయటి రాష్ట్రాలవారు, విదేశీయులు అందరూ కలిసి 18 శాతానికి మించకూడదన్న నిబంధన ఏనాటి నుంచో ఉంది. ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో పది సీట్లలో తొమ్మిది టెక్సాస్ వాసులకే పోతాయి. ఇంతటితో ఆగకుండా కోర్సును కూడా చూడాలి. మనవాళ్లలో ఎక్కువమంది కోరేది కంప్యూటర్ సైన్స్. ఇలినాయ్‌లోని అర్బానా–షాంపేన్, సియాటెల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వంటి చోట్ల ఆ కోర్సుకు నేరుగా ప్రవేశం దొరికే శాతం విశ్వవిద్యాలయం మొత్తం శాతంలో చిన్న ముక్క మాత్రమే. వేరే కోర్సులో చేరి తరవాత మారవచ్చని ఎవరైనా చెబితే, మార్పిడి నిబంధన ఏమిటో ఆ విభాగపు వెబ్‌సైట్‌లో చదవనిదే నమ్మకండి.

విదేశీ విద్యార్థి అంటే ఎవరన్న ప్రశ్నకూ ఇక్కడే జవాబు తెలుసుకోవాలి, ఎందుకంటే తెలుగు కుటుంబాల్లో ఇది తరచు తలకిందులుగా ఉంటుంది. తల్లిదండ్రులు అమెరికాలో పనిచేస్తుండగా అక్కడ పుట్టి, తరవాత హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పెరిగిన పిల్లలు అమెరికా పౌరులు. బడి ఇక్కడిదైనా వాళ్లు దేశీయ దరఖాస్తుదారులే, అక్కడి ప్రభుత్వ సహాయం కోరే ఎఫ్ఏఎఫ్ఎస్ఏ ఫారానికీ అర్హులే. దీనికి భిన్నంగా, చిన్నప్పుడే డాలస్‌కో ఎడిసన్‌కో వెళ్లి హైస్కూలంతా అక్కడే చదివినా, తల్లిదండ్రుల హెచ్-1బీ వీసా మీద ఆధారపడి హెచ్-4లో ఉన్న పిల్లలను ఆర్థిక సహాయం విషయంలో చాలా విశ్వవిద్యాలయాలు విదేశీయులుగానే చూస్తాయి. కొన్ని రాష్ట్రాల్లో వారికి స్థానికుల ఫీజు వర్తిస్తుంది, సమాఖ్య ప్రభుత్వ సహాయం మాత్రం వర్తించదు.

ఈ లెక్కలు ఏడాదికోసారి కదులుతాయి. 2025 అక్టోబరులో అమెరికా ప్రభుత్వం తొమ్మిది విశ్వవిద్యాలయాలకు పంపిన ఒప్పంద ముసాయిదాలో అండర్‌గ్రాడ్యుయేట్లలో విదేశీయులు 15 శాతానికీ, ఒకే దేశంవారు 5 శాతానికీ మించకూడదన్న షరతు పెట్టారు. దాన్ని మొదట తిరస్కరించింది ఎంఐటీ. అందుచేత రెండేళ్ల కిందటి అంకెతో అక్క చెప్పిన లెక్కను మీ లెక్కగా తీసుకోకండి.

రెండో అంచె: డబ్బు సంగతి ఇంట్లో కూర్చొని తేల్చుకోండి

పేరున్న ప్రైవేటు విశ్వవిద్యాలయంలో ఫీజు, వసతి, భోజనం, బీమా, ప్రయాణాలు కలిపి ఏడాదికి 85 వేల నుంచి 95 వేల డాలర్ల వరకు అవుతుంది. నాలుగేళ్లకు మూడు కోట్ల రూపాయల మాట. ఈ మొత్తం పూర్తిగా పెట్టుకోగలరా, కొంత పెట్టుకోగలరా, దాదాపు ఏమీ పెట్టుకోలేరా అన్న మూడు జవాబుల్లో మీది ఏదో తెలియకుండా విశ్వవిద్యాలయాల జాబితా రాయడం దండగ. అమ్మానాన్నలు ‘నువ్వు ముందు సీటు తెచ్చుకో, డబ్బు సంగతి మేం చూసుకుంటాం’ అంటారు. ప్రేమతో అనే మాటే గానీ ఈ దారిలో ఆ మాట పిల్లల దరఖాస్తును పాడుచేస్తుంది, ఎందుకంటే డబ్బు ప్రశ్నకు దరఖాస్తు రోజునే జవాబు రాయాలి.

విశ్వవిద్యాలయాలు రెండు రకాలు. మీరు సహాయం అడిగారా లేదా అన్నది ఎంపిక చేసేటప్పుడు చూడనివి మొదటి రకం, వాటిని ‘నీడ్ బ్లైండ్’ అంటారు. అమెరికా పౌరుల విషయంలో ఇలాంటివి చాలానే ఉన్నా, విదేశీయులకు కూడా అదే పద్ధతి పాటించి, ఎంపికైనవారికి అవసరమైనంత సహాయం పూర్తిగా ఇచ్చేవి చాలా కొద్ది: హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్, 2022లో ఈ నిర్ణయం ప్రకటించిన డార్ట్‌మత్, బోడిన్, ఆ తరవాత చేరిన బ్రౌన్, నోటర్ డేమ్, వాషింగ్టన్ అండ్ లీ. రెండో రకం ‘నీడ్ అవేర్’. స్టాన్‌ఫర్డ్, కొలంబియా, కార్నెల్, డ్యూక్ వంటివి ఎంపికైన విదేశీ విద్యార్థికి అవసరమైనంత సహాయం ఇస్తాయి గానీ, ఎంపిక చేయాలా వద్దా అనేటప్పుడు ఆ అవసరాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటాయి. సమానమైన ఫైళ్లు రెండు బల్ల మీద ఉంటే, పూర్తి ఖర్చు పెట్టుకోగలిగినవారిది ముందుకు వెళ్తుంది. ఇది దాచిన రహస్యం కాదు, వారి వెబ్‌సైట్‌లలోనే రాసి ఉంటుంది.

అలాగని నిజంగా అవసరం ఉండి కూడా సహాయం వద్దని గడి నింపడం పెద్ద పొరపాటు. మొదటి దరఖాస్తులో సహాయం అడగని విదేశీ విద్యార్థికి నాలుగేళ్లలో మళ్లీ అడిగే అవకాశం ఇవ్వమని స్టాన్‌ఫర్డ్‌తో సహా చాలా సంస్థలు స్పష్టంగా చెబుతాయి. సీటు వచ్చి, మొదటి ఏడాది పొలం అమ్మి కట్టి, రెండో ఏడాదికి దారి లేక ఆగిపోయే పరిస్థితి తెచ్చుకోవద్దు. పెట్టుకోగలిగింది ఎంతో కచ్చితంగా తేల్చుకొని, నిజం రాసి, ఆ నిజానికి సరిపోయే విశ్వవిద్యాలయాలనే జాబితాలో పెట్టుకోవడం ఒక్కటే సరైన పద్ధతి.

సహాయం అడిగేవారు ఎక్కువచోట్ల సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే ఆన్‌లైన్ ఫారం నింపాలి. ఇది అక్టోబరు 1న తెరుచుకుంటుంది. జీతగాళ్లకు ఫారం 16, ఆదాయపు పన్ను రిటర్నులు సరిపోతాయి. వ్యవసాయ కుటుంబాలకే చిక్కు. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కాబట్టి రిటర్నులే ఉండవు, ఆస్తి గడిలో మాత్రం భూమి విలువ రాయాలి. హైదరాబాద్ చుట్టుపక్కలో అమరావతి వైపో మూడెకరాలున్న ఇంట్లో ఏడాది ఆదాయం నాలుగు లక్షలే ఉన్నా, కాగితం మీద భూమి విలువ చూసిన అమెరికా అధికారికి మీరు సంపన్నులుగా కనిపిస్తారు. అందుకని ప్రత్యేక పరిస్థితులు వివరించే చోట, ఆ భూమి కుటుంబానికి ఉన్న ఏకైక జీవనాధారమనీ, దాన్ని అమ్మితే ఆదాయమే ఉండదనీ, ఏ పంట వేస్తారో, ఎంత అప్పు ఉందో అంకెలతో రాయండి. తహసీల్దారు ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం ముందే తీసుకొని ఉంచండి.

పౌరసత్వం ఆధారంగా ఉన్న అవకాశాలను వదులుకోకండి. కార్నెల్‌లో టాటా సంస్థల ట్రస్టు నిధితో భారతీయ పౌరులకే ఇచ్చే అండర్‌గ్రాడ్యుయేట్ స్కాలర్‌షిప్ ఉంది, అది అవసరం ఆధారంగా ఇచ్చేది. కెంటకీలోని బెరియా కళాశాల తాను చేర్చుకునే కొద్దిమంది విదేశీ విద్యార్థులందరికీ మొదటి సంవత్సరం ఖర్చు పూర్తిగా సమకూర్చే ఏర్పాటు చేసింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ, లాస్ ఏంజెలెస్ ప్రాంగణాలు మాత్రం విదేశీయులకు అవసరం ఆధారంగా సహాయం ఇవ్వవు. పూర్తి ఖర్చు పెట్టుకోలేనివారు ఆ దరఖాస్తు మీద సమయం పెట్టనక్కర లేదు.

మూడో అంచె: జాబితా రాయడం

ఒక్కోచోట మూడు శాతం అవకాశం ఉందనీ, ఇరవై చోట్ల దరఖాస్తు చేస్తే అరవై శాతం అవుతుందనీ అనుకునేవారున్నారు. ఇంటర్‌లో చదివిన సంభావ్యత పాఠమే దీనికి జవాబు. ప్రతి నిర్ణయమూ స్వతంత్రమైతే, ఇరవై చోట్లా రాకపోయే సంభావ్యత 0.97ను ఇరవైసార్లు గుణిస్తే వచ్చే 0.54, అంటే ఎక్కడో ఒకచోట వచ్చే అవకాశం 46 శాతం. అది కూడా కాగితం మీది మాటే, ఎందుకంటే ఆ నిర్ణయాలు స్వతంత్రం కావు. ఒకే ఫైలును ఒకే రకమైన కళ్లతో అందరూ చదువుతారు. సిఫారసు లేఖ బలహీనంగా ఉంటే ఇరవై చోట్లా బలహీనమే. కాబట్టి అంతా అతి కఠినమైన విశ్వవిద్యాలయాలతో నిండిన జాబితా, అది ఎంత పొడవైనా, ఒక్క పందెం కింద లెక్క.

ఒకే ఫారంతో చాలా విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు చేసే వెబ్‌సైట్ కామన్ యాప్. అందులో గరిష్ఠంగా 20 సంస్థలు పెట్టుకోవచ్చు. నా సలహా పది, పన్నెండు దగ్గర ఆగమని. అతి కఠినమైనవి నాలుగుకు మించకుండా, హెచ్6 లెక్క మీకు అనుకూలంగా ఉన్నవి నాలుగైదు, ప్రతిభ ఆధారిత స్కాలర్‌షిప్‌తో మీ స్తోమతకు అందేవి రెండు మూడు ఉండాలి. వీటితో పాటు ఎప్‌సెట్, జేఈఈ ద్వారా ఇక్కడి సీటు చేతిలో ఉండేలా చూసుకోండి. చిన్న కళాశాలల పేర్లు మన బంధువులకు తెలియవని వాటిని కొట్టేయకండి. ఆమ్‌హర్స్ట్ పేరు వినని ఇళ్లు ఎన్నో, అక్కడి తరగతిలో ఆచార్యుడికి మీ పేరు తెలుస్తుంది. పెద్ద పేరు ఒక్కటే జీవితాన్ని నిర్ణయిస్తుందని భయపడే తల్లిదండ్రులకు నేను చెప్పే సంగతి ఒకటుంది: హైదరాబాద్‌లో చదువుకున్న సత్య నాదెళ్ల అమెరికాలో మొదట చేరింది మిల్వాకీలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో, ఉస్మానియాలో ఇంజినీరింగ్ చదివి, తరవాత అడోబీ సంస్థను నడిపిన శంతను నారాయణ్ వెళ్లింది ఒహాయోలోని బౌలింగ్ గ్రీన్‌కు.

నాలుగో అంచె: గడువులు, మన పరీక్షలతో వాటి తగాదా

కామన్ యాప్ ఆగస్టు 1న కొత్త సంవత్సరానికి తెరుచుకుంటుంది. ముందస్తు దరఖాస్తుల గడువు చాలాచోట్ల నవంబరు 1, ఫలితం డిసెంబరు మధ్యలో వస్తుంది. సాధారణ దరఖాస్తుల గడువు జనవరి మొదటి వారం, ఫలితాలు మార్చి చివర, మీ జవాబు చెప్పవలసింది మే 1 లోపు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ప్రాంగణాలకు వేరే దరఖాస్తు, దాని గడువు నవంబరు 30. ఎంఐటీకి కూడా సొంత దరఖాస్తు ఉంది.

ముందస్తు దరఖాస్తుల్లో ‘ఎర్లీ డెసిషన్’ అంటే సీటు వస్తే తప్పక చేరతామని మాట ఇవ్వడం. ఇచ్చిన సహాయం కుటుంబానికి నిజంగా చాలకపోతే ఆ మాట నుంచి విడుదల కోరవచ్చు గానీ, వేరేచోట ఎంత ఇచ్చేవారో పోల్చి చూసుకునే అవకాశం పోతుంది. పూర్తి ఖర్చు పెట్టుకోగలిగిన కుటుంబానికి, లేదా అవసరాన్ని పూర్తిగా తీర్చే ఒక సంస్థ మీదే మనసు నిలిచినవారికి ఇది మంచి ఆయుధం. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, స్టాన్‌ఫర్డ్‌ల ముందస్తు పద్ధతిలో చేరి తీరాలన్న కట్టుబాటు లేదు, కానీ అదే సమయంలో మరో ప్రైవేటు విశ్వవిద్యాలయానికి ముందస్తుగా దరఖాస్తు చేయకూడదు. ముందస్తు శాతం ఎక్కువగా కనిపించడానికి ఆ గుంపులో క్రీడాకారుల వంటివారు ఉండటం కూడా కారణమని మరచిపోకండి.

మన పిల్లలకు అసలు కష్టం మరోచోట ఉంది. జేఈఈ మెయిన్ మొదటి విడత జనవరిలో, ప్రాక్టికల్స్ ఫిబ్రవరిలో, ఇంటర్ పరీక్షలు ఆ వెంటనే. వ్యాసాలు రాయవలసిన అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే కళాశాల ఉదయం నుంచి రాత్రి వరకు తరగతులు, స్టడీ అవర్లు పెడుతుంది. కాబట్టి ప్రధాన వ్యాసాన్ని మొదటి సంవత్సరం వేసవి సెలవుల్లోనే రాసేయండి, ప్రవేశాలకు చాలాచోట్ల చూసే ఇంగ్లిష్, గణితం పరీక్ష శాట్‌ను కూడా రెండో సంవత్సరం మొదలయ్యేలోపే ముగించండి. రెండు దారులూ సమానంగా నడపడం కొద్దిమందికే సాధ్యం. ఏది ముఖ్యమో జూన్‌లోనే ఇంట్లో అనుకోవాలి.

శాట్ విషయం కొద్ది మాటల్లో ముగుస్తుంది. ఎంఐటీ 2022లోనే స్కోరును తిరిగి తప్పనిసరి చేసింది, డార్ట్‌మత్, బ్రౌన్, హార్వర్డ్ 2024లో ఆ దారి పట్టాయి. కొలంబియా ఐచ్ఛికంగా ఉంచింది, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం అసలు చూడదు. ఎంపీసీ విద్యార్థులకు గణితం సులువే, చదివి అర్థం చేసుకునే ఇంగ్లిష్ భాగం మీదే ఎక్కువ నెలలు పెట్టండి.

అయిదో అంచె: కాగితాలు, వాటిలో పేరు

అమెరికా దరఖాస్తుకు తొమ్మిదో తరగతి నుంచి పన్నెండో తరగతి వరకు నాలుగేళ్ల మార్కులు కావాలి. మన దగ్గర తొమ్మిది, పది ఒక బడిలో, ఇంటర్ మరో కళాశాలలో. పదో తరగతి మెమో అందరి దగ్గరా ఉంటుంది, తొమ్మిదో తరగతి ప్రోగ్రెస్ కార్డు ఎవరూ దాచుకోరు. నాకు తెలిసిన ఒక అబ్బాయి గడువుకు ఆరు రోజుల ముందు తన పాత బడికి వెళ్లేసరికి అది మూతపడి ఉంది. పాత ప్రధానోపాధ్యాయుడి ఇంటికి వెళ్లి, అటక మీది అట్టపెట్టెలో నుంచి చేతిరాత మార్కుల రిజిస్టరు తీయించి, ఫొటో కాపీ మీద సంతకం పెట్టించుకొని వచ్చాడు. మీరు ఈ వారమే ఆ కార్డు సంపాదించి స్కాన్ చేసి పెట్టుకోండి. మార్కులను మీరే జీపీఏగా మార్చవద్దు, వెయ్యికి 978 వస్తే 978 అనే రాయండి.

పేరు మరో చిక్కు. మెమోలో ఇంటిపేరు ముందు పొడి అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో చివర ఉంటుంది, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి పేరంతా ఒకేచోట ఉంటుంది. అలాంటి పాస్‌పోర్టు మీద వచ్చే వీసాలో మొదటి పేరు స్థానంలో ‘ఎఫ్ఎన్‌యూ’ (మొదటి పేరు తెలియదు) అన్న మూడక్షరాలు పడతాయి. ముందు పాస్‌పోర్టును సరిచేయించి, శాట్‌లో, కామన్ యాప్‌లో, బ్యాంకు పత్రాల్లో అక్షరం తేడా లేకుండా అదే పేరు వాడండి.

ఇద్దరు అధ్యాపకుల సిఫారసు లేఖలు, కళాశాల తరఫున కౌన్సిలర్ లేఖ కావాలి. మన జూనియర్ కళాశాలల్లో కౌన్సిలర్ ఉండరు, ఆ పాత్ర ప్రిన్సిపాల్‌ది. చాలామంది లెక్చరర్లు పని ఒత్తిడిలో ‘నువ్వే రాసుకురా, సంతకం పెడతాను’ అంటారు. అలా చేయకండి. అది నిజాయతీ కాదు, పైగా విద్యార్థి రాసుకున్న పొగడ్త చదివేవారికి ఇట్టే తెలిసిపోతుంది. దానికి బదులు, మీరు వారి తరగతిలో ఏ సందేహం అడిగారో, ఏ లెక్కను వేరే పద్ధతిలో చేశారో, ఎప్పుడు తప్పి తిరిగి నిలబడ్డారో గుర్తుచేస్తూ ఒక పేజీ రాసి ఇచ్చి, లేఖ తెలుగులో చెప్పినా ఫరవాలేదు, ఎవరైనా ఇంగ్లిష్ అధ్యాపకుల చేత రాయించుకోండి సార్ అని అడగండి. కళాశాలలో ఎందరు విద్యార్థులు, రోజుకు ఎన్ని గంటల తరగతులు, క్లబ్బులూ ఆటలూ ఉన్నాయా లేవా అన్న సంగతులను ప్రిన్సిపాల్ ఒక పేజీలో రాసి జతచేస్తే ఎంతో మేలు. మీకు చర్చా బృందం, రోబోటిక్స్ క్లబ్ లేకపోవడం మీ లోపం కాదని ఆ పేజీ చెబుతుంది.

ఆరో అంచె: మీ సాయంత్రాలను, మీ మాటను కాగితం మీద పెట్టడం

కామన్ యాప్‌లో పది కార్యకలాపాలకు చోటుంది, ఒక్కోదాని వివరణకు 150 అక్షరాలు మాత్రమే. ‘మాకు కోచింగ్ తప్ప ఏమీ లేదు’ అని పిల్లలు ఖాళీ వదిలేస్తారు. ఆ జాబితాలో కుటుంబ బాధ్యతలు, జీతం తీసుకొని చేసిన పని అన్న విభాగాలు కూడా ఉన్నాయని వాళ్లకు తెలియదు. కిరాణా దుకాణంలో సాయంత్రాలు కూర్చున్న అమ్మాయి ‘నాన్నకు దుకాణంలో సాయం’ అని రాస్తే అది ఎవరి జీవితమైనా కావచ్చు. ‘వారానికి 12 గంటలు, 60 ఇళ్ల అరువు ఖాతా పుస్తకం నుంచి ఫోన్‌లోకి మార్చాను, పాత బాకీలు వసూలయ్యాయి’ అన్నప్పుడు ఒక మనిషి కనిపిస్తుంది. గణితం మీద నిజమైన ఇష్టం ఉంటే సెప్టెంబరులో జరిగే ఐఓక్యూఎం అనే అర్హత పరీక్ష రాయండి, గణిత ఒలింపియాడ్ దారిలో అది మొదటి మెట్టు. డబ్బు కట్టి చేరే వేసవి శిబిరాలు, సొమ్ము తీసుకొని ప్రచురించే పరిశోధన పత్రాలు మీ ఫైలుకు బరువు తేవు.

ప్రధాన వ్యాసం 250 నుంచి 650 మాటలు. విజయగాథ రాయాలన్న ఒత్తిడి మన పిల్లల్లో ఎక్కువ: పేదరికం, పట్టుదల, ర్యాంకు, లక్ష్యం. అది పత్రికా ప్రకటనల్లో ర్యాంకర్ల కథ. చదివేవారికి కావలసింది మీరు ఎలా ఆలోచిస్తారన్నది. అమ్మమ్మ చేసే ఆవకాయలో ఉప్పు కొలత ఏటా ఎందుకు మారుతుందో రాసుకుంటూ పోయిన కుతూహలం, ఒలింపియాడ్ పతకం లేని చోటును నింపగలదు. ముందు తెలుగులో గట్టిగా చెప్పి ఫోన్‌లో రికార్డు చేసుకోండి. తరవాత ఇంగ్లిష్‌లో రాయండి. అప్పుడు అరువు తెచ్చుకున్న పెద్ద పదాలు రావు. రాసింది మీరే అయి ఉండాలి. కృత్రిమ మేధ రాసినదీ, కన్సల్టెన్సీ రాసినదీ మీ మిగతా ఫైలుతో పొసగదు.

కన్సల్టెన్సీల గురించి ఒక్క మాట. విద్యార్థిని చేర్చినందుకు విశ్వవిద్యాలయం నుంచి కమిషన్ తీసుకోవడం వాటిలో చాలావాటి ఆదాయ మార్గం. హార్వర్డ్, ఎంఐటీ స్థాయి సంస్థలు అలాంటి కమిషన్లు ఇవ్వవు కనుక, ఆ సీటు ఇప్పిస్తామని ఎవరు చెప్పినా లేచి వచ్చేయండి. అమెరికా విదేశాంగ శాఖ అండతో నడిచే ఎడ్యుకేషన్‌యూఎస్ఏ కేంద్రం హైదరాబాద్‌లో ఉంది, ముందు అక్కడికి వెళ్లి అడగండి.

ఏడో అంచె: ఫలితాల తరవాత

వెయిట్‌లిస్ట్ వస్తే ఆసక్తి ఉందని ఒక చిన్న లేఖ రాసి, ఇంటర్ మొదటి సంవత్సరం తరవాత వచ్చిన కొత్త మార్కులు జతచేసి, ఆ సీటు రాదన్నట్టుగానే మరోచోట మే 1 లోపు ఖాయం చేసుకోండి. సహాయం చాలకపోతే ఆర్థిక సహాయ కార్యాలయానికి మర్యాదగా రాయవచ్చు. పంట నష్టం, ఉద్యోగం పోవడం, ఆసుపత్రి ఖర్చు వంటి కొత్త కారణం, దానికి రుజువు ఉంటే కొన్నిసార్లు పెంచుతారు.

సీటు ఖాయమయ్యాక మొదటి ఏడాది ఖర్చుకు డబ్బు ఉందని చూపిస్తే విశ్వవిద్యాలయం ఐ-20 అనే పత్రం పంపుతుంది, వీసాకు ఆధారం అదే. ఆ తరవాత విదేశీ విద్యార్థుల నమోదు వ్యవస్థకు కట్టే 350 డాలర్ల సెవిస్ రుసుము, వీసా దరఖాస్తు అయిన డీఎస్-160 ఫారం, విద్యార్థులకు ఇచ్చే ఎఫ్-1 వీసా ఇంటర్వ్యూ. 2023 నుంచి హైదరాబాద్ కాన్సులేట్ నానక్‌రామ్‌గూడలో ఉంది. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసా కోరేవారు తమ సోషల్ మీడియా ఖాతాలను అందరికీ కనిపించేలా ఉంచాలి. ఐ-20 వచ్చిన రోజునే వీసా ఇంటర్వ్యూ స్లాట్ వెతకడం మొదలుపెట్టండి. ఇంటర్ మెమో, స్కాలర్‌షిప్ లేఖ, బ్యాంకు పత్రాలు ఒక సంచిలోనూ, వాటి స్కాన్ కాపీలు అమ్మ ఫోన్‌లోనూ ఉంచండి, ఎందుకంటే ఆగస్టులో మీరు అక్కడ దిగాక వాటిలో ఏదో ఒకటి తప్పకుండా మళ్లీ అడుగుతారు.